కొరియా పాఠంలో దాటేసిన పేజీ

కొరియా నేను చూడలేదు. నాకు పాస్‌పోర్టు కూడా లేదు. అయినా తొర్రూరు కాలేజీలో పిల్లలు నన్ను వెనకాల ‘కొరియా సారు’ అంటారు. ఆ సంగతి నాకు తెలుసు, తెలియనట్టే ఉంటాను. రాజనీతిశాస్త్రం సిలబస్‌లో దక్షిణ కొరియాకు రెండు పేజీలే ఇచ్చారు, నేను రెండు వారాలు చెబుతాను. ప్రిన్సిపాల్ ఒకసారి పిలిచి, మన రాజ్యాంగం ఎప్పుడు మొదలుపెడతారని అడిగాడు కూడా.

ఎందుకంత ఇష్టం అంటే, మొదట అది ఇష్టం కాదు, కోపం. వరంగల్‌లో ఎమ్మే చదివే రోజుల్లో హాస్టల్లో పప్పు పలచగా ఉండేది, లైబ్రరీ మాత్రం చల్లగా ఉండేది. అక్కడ ఆసియా దేశాల రాజకీయాల మీద ఒక లావుపాటి పుస్తకం దొరికింది. యుద్ధంలో బూడిదైన దేశం, నడిమికి చీలిన దేశం, అమెరికా పంపిన పిండితో కడుపు నింపుకున్న దేశం, ఒక తరం తిరిగేసరికి ఓడలు కట్టి ప్రపంచానికి అమ్మడం మొదలుపెట్టింది. అప్పటికి మా ఊరికి బస్సు రోజుకు రెండుసార్లు వచ్చేది, గట్టిగా వాన పడితే అదీ లేదు. వాళ్లకు చేతనైంది మనకెందుకు చేతకాలేదని పళ్లు కొరుక్కుంటూ చదివాను. ఆ కోపంతోనే నోట్సు రాసుకున్నాను. ఆ నోట్సుతోనే ఇరవై ఏళ్లు పాఠం చెప్పాను.

మొదటి ఉద్యోగం భూపాలపల్లిలో. క్లాసులో సగం మంది బొగ్గు గనుల్లో పనిచేసేవాళ్ల పిల్లలు. అందుకని పాఠాన్ని బొగ్గు దగ్గరే ఎత్తుకునేవాణ్ణి. పైసలు లేని కొరియా తన యువకులను జర్మనీ బొగ్గు గనుల్లోకి, ఆడపిల్లలను అక్కడి దవాఖానాల్లోకి పనికి పంపింది. అమెరికా కోసం వియత్నాం యుద్ధానికి సైన్యాన్ని పంపింది. తమను ఏళ్ల తరబడి ఏలిన జపాన్‌తోనే, వీధుల్లో జనం వద్దని మొత్తుకుంటున్నా, ఒప్పందం చేసుకుంది. అట్లా వచ్చిన డబ్బుతో రోడ్లు, ఉక్కు, ఫ్యాక్టరీలు కట్టింది. పిల్లలు కదలకుండా వినేవాళ్లు. ఒకరోజు, గని కోసం ఊరు ఖాళీ చేసి వచ్చిన ఇంటి పిల్ల ఒకతె లేచి నిలబడింది.

“సార్, గక్కడ మా ఇల్లు ఇయ్యం, మా జాగ ఇయ్యం అన్నోళ్లు లేరా? వాళ్లను ఏం చేసిండ్రు?”

అది పరీక్షలో రాదు, కూర్చో అన్నాను. క్లాసంతా నవ్వింది. ఆ పిల్ల కూర్చుంది, మళ్లీ ఏడాది పొడవునా ఏమీ అడగలేదు.

జవాబు నాకు తెలియక కాదు. ఆ లావుపాటి పుస్తకంలో పల్లెల గురించి ఒక అధ్యాయం ఉంది. కొరియాను అప్పట్లో ఏలిన సైనిక పాలకుడు ఊరూరికీ సిమెంటు బస్తాలు పంపించాడు. ఊరంతా కలిసి రోడ్డో, వంతెనో, బావో కట్టుకున్న చోటికి మరుసటి ఏడు ఇంకా ఎక్కువ పంపాడు. బస్తాలు పంచుకుని ఊరుకున్న ఊళ్లకు ఏమీ పంపలేదు. కొన్నేళ్లలో గడ్డి కప్పులు పోయి పెంకులు, రేకులు వచ్చాయి, ఇరుకు సందులు రోడ్లయ్యాయి. ఇదంతా నా నోట్సులో ఎర్ర సిరాతో ఉంది. దాని తరువాతి పేజీ మాత్రం లేదు. ఆ పేజీలో, గడ్డి కప్పు తీయనన్నవాళ్ల ఇండ్ల మీదికి అధికారులు మనుషులను పంపి కప్పు లాగించారని ఉంది. గోడ జరపనన్నవాళ్లను ఊరే వెలివేసినట్టు చూసిందని, ఊళ్లో కొలుచుకునే దేవతల గుళ్లను కూడా మూఢనమ్మకమని కూలగొట్టారని ఉంది. చదివాను. బాగా గుర్తుంది. కథ బిగువు తగ్గుతుందని రాసుకోలేదు.

బిగువైన కథకు మంచి గిరాకీ ఉంటుంది. జనగామలో ఒక సదస్సులో ఇదే కథ చెబితే శాలువా కప్పారు, ప్లాస్టిక్ పూలున్న జ్ఞాపిక ఇచ్చారు. ‘మన పల్లెలకు కొరియా బాట’ అని నేను రాసిన వ్యాసం పేపర్లో వచ్చింది. దాన్ని లామినేషన్ చేయించి ముందు గదిలో పెట్టాను. మా ఆవిడ దాని మీద ఇప్పటికీ దుమ్ము తుడుస్తుంది, నేను అటువైపు చూడను.

ఇక మా అక్క సంగతి చెప్పాలి. నన్ను చదివించింది మా అక్కే. తొర్రూరుకు అరగంట దూరంలో ఉన్న మా ఊళ్లోనే ఆమెను ఇచ్చారు. బావకు గిర్ని ఉండేది. కారం, పసుపు, పిండి పట్టే గిర్ని. ఇంటి ముందు గదిలోనే మోటరు, బెల్టు, తొట్టి అన్నీ. బావ పోయాక అందరూ గిర్ని అమ్మేస్తుందనుకున్నారు. అక్క మూడోనాడు ముక్కుకు కొంగు కట్టుకుని బెల్టు తగిలించింది. అప్పటినుంచి ఊరికి గిర్ని అంటే అక్కే. మిరప కోతలు అయిపోయిన రోజుల్లో ఆ గది ముందు ఆడవాళ్లు గంపలతో వరుసలో కూర్చునేవాళ్లు. ఎవరి కాయ ఎంత ఎండిందో, ఎవరి కారంలో ఎంత ఉప్పు పడాలో, ఎవరి కోడలు అలిగిపోయిందో అన్నీ అక్కకు తెలుసు. మోటరు చప్పుడులో మాట వినబడేందుకు గట్టిగా అరిచి మాట్లాడడం అలవాటై, మామూలుగా ఉన్నప్పుడు కూడా అక్క అరిచినట్టే మాట్లాడేది. నేను ఫోను చెవికి దూరంగా పెట్టుకునేవాణ్ణి.

కొన్నేళ్ల కింద ఊరి బడిలో జెండా పండుగకు నన్ను ముఖ్య అతిథిగా పిలిచారు. పిలిచింది ఊరి అభివృద్ధి కమిటీ పెద్దమనిషి. నాతో బడిలో చదువుకున్నవాడే, నా రెండెకరాలు కౌలుకు చేసేదీ అతడే. కమిటీ అంటే పంచాయతీ కాదు, ఎన్నికలు ఉండవు. కులానికి ఇద్దరు చొప్పున పెద్దలు కూర్చుంటారు, వాళ్లు అన్నది ఊరు అన్నట్టు లెక్క. ఆ రోజు నేను మైకు పట్టుకుని సిమెంటు బస్తాల కథ చెప్పాను. ఊరంతా ఒక్క మాట మీద ఉంటే ఒక పేద దేశం ఏమైందో చూడండి అన్నాను. ఒక్కరు కూడా అడ్డం రాలేదు అన్నాను. ఆ వాక్యం అప్పటికప్పుడు నోటికి వచ్చింది, చప్పట్లు కూడా దానికే ఎక్కువ పడ్డాయి.

ఆ మధ్యాహ్నం అక్క ఇంట్లో అన్నం తింటుంటే ఆమె ఎదురుగా కూర్చుని అడిగింది.

“తమ్మీ, నిజంగ అందరు ఒప్పుకున్నరా? ఒక్కరన్న వద్దనలేదా?”

“అందరు ఒప్పుకున్నరక్కా. అందుకే గట్ల బాగుపడ్డరు.”

“మనూర్ల ఒక మోరీ తవ్వుదమంటేనే నలుగురు కొట్టుకుంటరు. వాళ్లు ఎట్ల ఒప్పుకున్నరో ఏమో. మంచోళ్లు కావచ్చు.”

“మంచోళ్లే,” అన్నాను. పప్పు ఇంకాస్త వేయమన్నాను.

అబద్ధం ఆడుతున్నానని ఆ నిమిషం నాకు తెలుసు. అక్కకు ఆ పేజీ చెప్పి ఏం లాభం అనుకున్నాను. తన వ్యాసాన్ని లామినేషన్ చేయించి ముందు గదిలో పెట్టుకున్న మనిషి, తిన్నచోట తన పాఠాన్ని తానే చెడగొట్టుకుంటాడా?

ఏడాది తిరగకముందే ఊరికి సిమెంటు రోడ్డు మంజూరైంది. సందు ఇరుకుగా ఉంది, వెడల్పు చేసుకుంటేనే పెద్ద రోడ్డు వేస్తామన్నారు. కమిటీ కూర్చుంది. ప్రతి ఇల్లూ తన ముందు భాగం తానే కూలగొట్టుకోవాలి, పరిహారం ఎవరూ అడగొద్దు, ఊరంతా ఒక్క మాట అని తీర్మానం రాశారు. చాలామందికి పోయింది అరుగో, ప్రహరీయో, పశువుల కొట్టం మూలో. అక్కకు పోయేది గిర్ని గది. ఎదురుగా కమిటీ పెద్దమనిషి ప్రహరీ గోడ ఉంది, దాని వెనక ఖాళీ జాగ ఉంది. రోడ్డును అటు రెండడుగులు, ఇటు రెండడుగులు పంచితే గది నిలుస్తుంది. తాడు పట్టి కొలిచినప్పుడు నాలుగడుగులూ ఇటే వచ్చాయి. అక్క ఆ తాడు పట్టుకుని నిలబడి, సగం సగం చేయండి అంది. ఒప్పుకోను, సంతకం పెట్టను అంది.

పెద్దమనిషి మరో ఇద్దరిని వెంటబెట్టుకుని తొర్రూరులో మా ఇంటికి వచ్చాడు. సోఫాలో కూర్చుని నా లామినేషన్ వైపు చూశాడు.

“సార్, మీరు చెప్పిన మాటే మేం పట్టుకున్నం. ఊరంతా ఒక్క మాట మీద ఉండాలె అంటిరి. ఇప్పుడు మీ అక్కనే అడ్డం నిలబడ్డది. జర మీరే నచ్చజెప్పాలె.”

“ఎదురుగ జాగ ఉంది గదా,” అన్నాను మెల్లగా.

“గోడ మొన్ననే కట్టినం సార్. అయినా గదంతా ఇంజనీరు చూసుకుంటడు. మనం ఊరి మంచి చూడాలె. మీకు చెప్పేటంత చదువు మాకు లేదు.”

ఛాయ్ తాగి వెళ్లారు. అక్కకు ఫోను చేశాను. గిర్నిని వెనక పెరట్లోకి మార్చుకుందాం, గది ఇచ్చెయ్యి అన్నాను. పెరట్లోకి జనం రావడానికి తోవ లేదని, మోటరుకు కరెంటు లైను మళ్లీ వేయించాలని, పక్కింటి గోడకు ఆనుకుని గిర్ని పెడితే వాళ్లు ఊరుకోరని అక్క ఒక్కొక్కటి చెప్పింది. ఆ రోజు ఆమె గొంతు పెద్దగా లేదు.

“ఊరు కోసం గీమాత్రం ఇయ్యకపోతే ఎట్లక్కా?” అన్నాను.

“ఊరు కోసమైతే ఇద్దును తమ్మీ. వాని గోడ కోసం ఇయ్య,” అంది.

నాలుగు రోజులకు పంచాయతీ మైకులో చాటింపు అయింది. పొద్దున ఏడు గంటలకు, నల్లా నీళ్లు వదిలే ముందు. ఫలానా ఇంటి గిర్నికి ఎవరూ పోవద్దు, ఆ ఇంటితో మాట బందు, పనికి పిలవొద్దు, మంచికీ చెడుకూ పోవద్దు, పోయినవాళ్లకు జరిమానా, వాళ్లకూ అదే శిక్ష. ఈ మాటలు నాకు అక్కే ఫోనులో చెప్పింది, ఎవరి గురించో చెబుతున్నట్టు చెప్పింది. మా దగ్గర ఇది కొత్త కాదు. ఊరి మాట కాదన్న ఇంటిని ఇట్లా వేరు చేస్తారు. చట్టం ఒప్పుకోదు. చట్టం ఒప్పుకోదని ప్రతి ఏడూ క్లాసులో నేనే చెబుతాను, ఏ అధికరణమో బోర్డు మీద రాసి కింద గీత కూడా గీస్తాను.

నేను చేయగలిగినవి చాలా ఉన్నాయి. ఠాణాలో ఒక దరఖాస్తు ఇవ్వవచ్చు. కలెక్టరాఫీసుకు మహబూబాబాద్ వెళ్లి నిలబడవచ్చు. ఏమీ వద్దు, ఒక మిరపకాయల బస్తా మోటారుసైకిల్ మీద వేసుకుని పట్టపగలు ఊరి నడిమి నుంచి అక్క గిర్నికి వెళ్లి కారం పట్టించుకు రావచ్చు. లెక్చరర్ వెళితే ఇంకో ఇద్దరు వచ్చేవాళ్లేమో. నేను వెళ్లలేదు. మా ఆవిడ, మన రెండెకరాలు ఆ పెద్దమనిషి కౌలులోనే ఉన్నాయి, రేపు ఊళ్లో మనకూ పనులుంటాయి, జర ఓపిక పట్టమంది. మంచి సలహా దొరికినందుకు నాకు లోపల సంతోషమే అయింది. పేపర్లు దిద్దే డ్యూటీ పడిందని అక్కకు చెప్పాను. అది నిజమే. డ్యూటీ పది రోజులు, నేను వెళ్లనిది నాలుగు నెలలు.

రాత్రిళ్లు ఫోను చేసేవాణ్ణి. అక్క చెప్పే మాటలు రోజురోజుకూ తగ్గాయి. పొద్దున బెల్టు తగిలిస్తున్నావా అని అడిగితే తగిలిస్తున్నానంది. ఎవరూ రాకపోయినా రోజూ తొట్టి తుడిచి, ఒకసారి మోటరు తిప్పి బందు చేస్తుందట. తిప్పకపోతే తుప్పు పడుతుందంది. ఒకరోజు, “నువ్వు ఫోన్ జేస్తున్నవని తెలిస్తే నీకు పరేషాన్ అయితది తమ్మీ, జేయకు,” అంది. నేను ఎంత సిగ్గులేనివాణ్ణంటే, ఆ మాటను కూడా వినేశాను. వారానికి ఒకసారి చేశాను.

ఆ ఎండాకాలం తొర్రూరు అంగట్లో, గిర్ని ముందు మా ఊరి ఆడవాళ్లు ఇద్దరు గంపలతో కనిపించారు. ఆటో మాట్లాడుకుని ఇంత దూరం వచ్చారు. నన్ను చూసి ఒకామె కొంగు సర్దుకుంది.

“అక్క పట్టినట్టు వీళ్లు పట్టరు సార్,” అంది తల వంచుకుని. “కారం మాడ్సుతరు. మాకు మనసు లేదా, కమిటీ మాట.”

అవునన్నాను. ఆమెను తిట్టే హక్కు నాకెక్కడిది? నేనూ అక్కడికి మా ఇంటి కారం పట్టించడానికే వెళ్లాను.

అక్క నాలుగో నెలలో ఒప్పుకుంది. ఎవరూ బతిమాలలేదు. ఎదురింట్లో పెద్దమనిషి తల్లి చనిపోయింది. చిన్నప్పటినుంచి అక్కకు ఆమె అవ్వ వరస. చూడడానికి అక్క వెళితే వాళ్ల గుమ్మంలోనే ఆపేశారు. చివరి చూపు కూడా లేదు. మరునాడు అక్క కమిటీ దగ్గరికి తానే వెళ్లి వేలిముద్ర కాదు, సంతకం పెట్టింది. నాకు ఫోను చేసి చెప్పింది.

“ఇచ్చేసిన తమ్మీ. మనుషులు లేకుంట బతుకుడు నాతోని కాలేదు.”

గది కూలగొట్టిన రోజు వెళ్లాను. అప్పుడు వెళ్లడానికి భయం లేదు కదా. అక్క ముందే మోటరు విప్పించి, పెరట్లో రేకుల కింద పెట్టి ప్లాస్టిక్ పట్టా కప్పింది. కమిటీ పంపిన జేసీబీ గోడను ఒక్క తోపు తోసింది. గోడ సందుల్లో ఏళ్లనుంచి ఇరుక్కున్న కారం లేచింది. అక్కడ నిలబడిన అందరికీ తుమ్ములు, కళ్లవెంట నీళ్లు. కమిటీ పెద్దమనిషి కూడా కండువాతో కళ్లు తుడుచుకున్నాడు. ఆ నీళ్లలో నా నీళ్లు ఏవో ఎవరికీ తెలియకుండా పోయాయి, అదొక వెసులుబాటు.

రోడ్డు వేశాక ప్రారంభానికి నన్నే పిలిచారు. మీ మాటతోనే అయిందన్నారు. వెళ్లాను. ఎందుకు వెళ్లావంటే చెప్పలేను. పిలిస్తే వెళ్లే అలవాటు, మైకు ఇస్తే మాట్లాడే అలవాటు. కొరియా గురించి మాట్లాడాను. అక్క వెనక వరసలో, ఆడవాళ్ల మధ్య కూర్చుంది. ఆమెతో ఇప్పుడు అందరూ మాట్లాడుతున్నారు. ఒకామె ఆమె భుజం మీద చెయ్యి వేసి ఏదో చెబుతోంది. అందరూ చప్పట్లు కొట్టినప్పుడు అక్క కూడా కొట్టింది.

గిర్ని మళ్లీ మొదలవలేదు. మోటరు పట్టా కిందే ఉంది. అక్క మిరప తోటల్లో కూలికి పోతోంది, కోతలు లేనప్పుడు ఇంట్లోనే ఉంటుంది. గొంతు తగ్గిపోయింది. ఇప్పుడు ఫోనులో ఆమె మాట వినబడాలంటే చెవికి ఆనించుకోవాలి.

ఈ మధ్యే ఆ దేశంలో మళ్లీ ఒక సంగతి జరిగింది. అధ్యక్షుడు ఒక రాత్రి టీవీలోకి వచ్చి, దేశాన్ని శత్రువుల నుంచి కాపాడాలంటూ సైనిక పాలన ప్రకటించాడు. జనం ఇండ్లలోంచి లేచి చట్టసభ ముందుకు వచ్చారు. మామూలు జనం, చలి కోట్లు వేసుకుని. సైనికుల బండ్లకు అడ్డం నిలబడ్డారు. సభ్యులు గోడలు దూకి లోపలికి వెళ్లి ఓటు వేశారు. తెల్లారేలోపు ఆ ప్రకటన చెల్లకుండా పోయింది, తరువాత అధ్యక్షుడి పదవీ పోయింది. క్లాసులో పిల్లలే ఫోన్లలో ఆ వీడియోలు చూపించారు. వాళ్లకు ఇప్పుడు కొరియా అంటే సీరియళ్లు, పాటలు. ఆడపిల్లలు నోటుబుక్కుల మీద ఆ అక్షరాలు రాసుకుంటారు, నాకంటే వాళ్లకే ఆ దేశం బాగా తెలుసు. ఒక వీడియోలో మా అక్క వయసు ఆడమనిషి ఒకామె సైనికుడి ఎదురుగా నిలబడి ఏదో గట్టిగా అరుస్తోంది. ఏమంటోందో తెలియదు. ఆ ఒక్కటి మూడుసార్లు చూశాను. మిగతా పీరియడ్ పాఠం చెప్పలేకపోయాను. తలనొప్పి అని చెప్పి స్టాఫు గదిలో కూర్చున్నాను.

ఆ ఆదివారం ఊరికి వెళ్లాను. అక్క ఇంటి గడప ఇప్పుడు నేరుగా రోడ్డు మీదికి ఉంది, ట్రాక్టరు పోతే దుమ్ము అన్నంలోకి వస్తుంది. అక్క చేటలో ఎండు మిరపకాయలు పోసుకుని తొడిమెలు తీస్తోంది. నేనూ ఎదురుగా కూర్చుని తీయడం మొదలుపెట్టాను. ఏం మాట్లాడాలో తెలియనప్పుడు నేను కొరియా మాట్లాడతాను. ఆ రాత్రి సంగతి చెప్పాను. అక్క మధ్యలో ఆపకుండా వింది.

“మరి వాళ్లకు భయం కాలేదా?” అంది.

“అయ్యే ఉంటదక్కా. తుపాకులున్నయి గదా.”

“అయినా వచ్చిండ్రు.”

“వచ్చిండ్రు.”

అక్క తల ఎత్తకుండా అడిగింది.

“అప్పుడు సిమెంటు బస్తాల కథ చెప్తివి గదా. అందరు ఒప్పుకున్నరంటివి. ఇట్ల ఎదురు నిలబడే మనుషులు అప్పుడు ఒక్కరు లేకపోయిండ్రా?”

నోట్సులో రాసుకోని పేజీ అంతా చెప్పాను. ఇంటి కప్పు తీయనన్నవాళ్ల సంగతి, మనుషులను పంపి లాగించిన సంగతి, గోడ జరపనన్నవాళ్లతో ఊరు ఎట్లా ఉన్నదీ. ఒక్క ముక్క దాచుకోలేదు. అక్క చేతులు ఆగిపోయాయి.

“నువ్వు బడిల మాట్లాడిననాడు నీకు గిది ఎరుకేనా?”

“ఎరుకే.”

తిడుతుందనుకున్నాను. తిట్టి ఉంటే బాగుండేది. అక్క చేట పక్కకు పెట్టి, కారం అంటిన చేతులను ఒళ్లో పెట్టుకుని రోడ్డు వైపు చూసింది.

“అప్పుడే చెప్తే అయిపోతుండె తమ్మీ,” అంది. “నాలుగు నెలలు నేనేమనుకున్నననుకున్నవ్? అంత పెద్ద దేశంల ఒక్కరన్న కాదనలేదట, నేనే చెడ్డదాన్ననుకున్న. భూమ్మీద నేనొక్కదాన్నే వద్దన్న అనుకున్న.”

అక్క మళ్లీ చేట దగ్గరికి లాక్కుంది. బస్సు వచ్చేదాకా ఇద్దరం తొడిమెలు తీశాము. లేవబోతుంటే ఒక కవరులో కారం కట్టి ఇచ్చింది, మరదలికియ్యి అని మా ఆవిడ పేరు చెప్పి ఇచ్చింది. తొర్రూరు గిర్నిలో పట్టించిందట, కొంచెం మాడిందని చెప్పింది.